కాచే కణాలే కాటేస్తే

మిర్చి చేనులో కొట్టే ఎసిఫేట్‌కూ, అల్జీమర్స్ వచ్చిన పెద్దవాళ్లకు డాక్టర్లు రాసే డోనెపెజిల్ మాత్రకూ ఒక చుట్టరికం ఉంది. రెండూ ఒకే ఎంజైమ్‌కు అడ్డుపడతాయి. నాడీకణాల మధ్య కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని, పని కాగానే ముక్కలు చేసే ఎంజైమ్ అది. పురుగులో దాన్ని పూర్తిగా బిగించేస్తే నరాలు ఆగకుండా అదిరి పురుగు చస్తుంది. రోగి మెదడులో దాన్ని కొద్దిగా, వదులుగా పట్టి ఉంచితే, తరిగిపోతున్న ఎసిటైల్‌కోలిన్ ఇంకాసేపు నిలిచి జ్ఞాపకం కొంత కుదుటపడుతుంది. అల్జీమర్స్ రోగుల మెదడులో ఈ రసాయనం పడిపోతోందని 1970లలో తెలిసింది. డోనెపెజిల్‌కు అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. గుంటూరులోనైనా ఒంగోలులోనైనా మామూలు కుటుంబానికి ఇవాళ్టికీ అందే వైద్యం ప్రధానంగా ఈ కోవ మాత్రలే. అవి కొన్నాళ్లు లక్షణాలను సర్దుతాయి, జబ్బును మాత్రం ఆపవు. ఎందుకంటే జబ్బు నడక నాడీకణాల్లోనే తేలడం లేదు. వాటిని కనిపెట్టుకుని ఉండే రక్షణ కణాలు ఏ దశలో ఏ పని చేస్తున్నాయన్న దాన్ని బట్టి కూడా తేలుతోంది. ఆ కణాలు మంచివా చెడ్డవా అని ఒక్క మాటలో తేల్చేయాలని చూసినన్నాళ్లూ మందులు తప్పాయి. వాటి తీరును దశాబ్దాల పాటు మలిచేది మిగతా శరీరం, శరీరం బతికిన చోటు. అందుకే ఈ విషయం ప్రయోగశాలలకు ఎంత ముఖ్యమో, పత్తి, మిర్చి పండే మన మైదానాలకూ అంత ముఖ్యం.

ఈ కణాలకు మైక్రోగ్లియా అని 1919లో పేరు పెట్టినవాడు స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో ఒర్తేగా. మెదడు కణాల్లో ఇవి ఇంచుమించు పదో వంతు ఉంటాయి. తెల్ల రక్తకణాల్లాగా ఎముక మజ్జలో పుట్టి వచ్చిపోయే రకం కాదు. పిండం రూపుకట్టే తొలినాళ్లలోనే బయలుదేరి మెదడులో చేరి, అక్కడే స్థిరపడి, అక్కడే తమ సంఖ్యను నిలుపుకుంటాయి. చాలాకాలం పాటు, దెబ్బో ఇన్‌ఫెక్షనో వచ్చేదాకా ఇవి నిద్రపోతుంటాయని అనుకున్నారు. 2005లో బతికున్న చిట్టెలుక మెదడును ప్రత్యేక సూక్ష్మదర్శినితో చూసినప్పుడు ఆ అభిప్రాయం మారిపోయింది. ఒక్కో కణం తన సన్నని చేతులను చాచుతూ ముడుస్తూ చుట్టుపక్కల జాగాను అదేపనిగా తడుముతోంది. చచ్చిన కణం కనబడితే మింగుతుంది, క్రిమి కనబడితే ఎదుర్కొంటుంది. బాల్యంలో మరో పని కూడా చేస్తుంది. నాడీకణాల మధ్య అవసరానికి మించి ఏర్పడిన సంధులను, అంటే సైనాప్స్‌లను, కత్తిరించి మెదడును తీర్చిదిద్దుతుంది. ఈ కత్తిరింపు సంగతి గుర్తుంచుకోవాలి. కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

అలాయిస్ అల్జీమర్ 1906లో తన రోగి అగస్టె డెటర్ మెదడును పరీక్షించి, నాడీకణాల్లో చిక్కుముళ్లు, వాటి వెలుపల పేరుకున్న ముద్దలు చూశాడు. 1907లో ప్రచురించిన చిన్న నివేదికలో ఆయన ఇంకో మాట కూడా రాశాడు. నాడీకణాలను అంటిపెట్టుకుని ఉండే గ్లియా కణాల్లో (మైక్రోగ్లియా వాటిలో ఒక రకం) చాలావాటిలో కొవ్వు నిండి ఉందని. చిక్కుముళ్లు, ముద్దలు లోకప్రసిద్ధమయ్యాయి, కొవ్వు మాటను వందేళ్లపాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ముద్దలు అమైలాయిడ్ అనే ప్రొటీన్‌తో తయారైనవని తెలిశాక పరిశోధన దాదాపు అంతా అటే ఒరిగింది. అమైలాయిడ్‌కు ఈ జబ్బులో పెద్ద పాత్ర ఉంది, కాదనలేం. అది ఎక్కువగా తయారయ్యేలా పుట్టుకతోనే జన్యువు మారినవారికి నలభై, యాభైల్లోనే జబ్బు వస్తుంది. కానీ అమెరికాలో 678 మంది క్రైస్తవ సన్యాసినులను ఏళ్ల తరబడి గమనించి, మరణానంతరం వారి మెదళ్లను పరీక్షించిన అధ్యయనం ఒకటుంది. మెదడు నిండా ముద్దలున్నా చివరిదాకా మతి చెదరనివారు అందులో కొందరు కనిపించారు. అంటే ముద్ద ఉండటానికీ మతి పోవడానికీ మధ్య ఇంకెవరో ఉన్నారు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. మెదడు చెడిపోతుంటే అక్కడికి రక్షణ కణాలు చేరడం సహజం. ఇల్లు కాలుతున్న చోట జనం ఉన్నారని నిప్పు పెట్టింది వాళ్లేనంటామా? దీనికి జవాబు జన్యువుల నుంచి వచ్చింది. జన్యువు పుట్టుకతో వస్తుంది, జబ్బు డెబ్బై ఏళ్ల తర్వాత వస్తుంది, కాబట్టి ఏది ముందు ఏది వెనుక అన్న సందేహం ఉండదు. 2012 చివర్లో రెండు బృందాలు, వాటిలో ఒకటి ఐస్‌లాండ్‌ది, ట్రెమ్2 అనే జన్యువులో ఒక అరుదైన మార్పు ఉన్నవారికి అల్జీమర్స్ ముప్పు దాదాపు మూడు రెట్లని చూపాయి. మెదడులో ఈ జన్యువు పనిచేసేది మైక్రోగ్లియాలోనే. చెత్తను, కొవ్వు ముక్కలను పసిగట్టే స్పర్శేంద్రియం లాంటిది అది. దాని రెండు ప్రతులూ పూర్తిగా చెడిపోయినవారికి నాసు-హకోలా అనే అరుదైన జబ్బు వస్తుంది. ఎముకల్లో తిత్తులు, ముప్పై నలభైల్లోనే మతి పోవడం దాని లక్షణాలు. నాడీకణాల్లో ఏ లోపమూ లేకుండా, కాపలా కణానికి చూపు పోతే చాలు మెదడు కూలుతుందని ఇంతకన్నా తేటగా ఏం చెప్పాలి? ఆ తర్వాత బయటపడిన ముప్పు జన్యువుల్లో పెద్ద భాగం కూడా ఈ కణాల్లోనే చురుగ్గా పనిచేసేవి. 1993లోనే తెలిసిన అన్నిటికన్నా పెద్ద ముప్పు, ఏపీఓఈ4 అనే జన్యురూపం, కొవ్వు రవాణాకు సంబంధించినది. దాని రెండు ప్రతులున్న రోగుల మైక్రోగ్లియాలో కొవ్వు బొట్లు పేరుకుని, ఆ కణాలు నాడీకణాలకు హాని చేసే స్థితికి మారుతున్నాయని 2024లో స్టాన్‌ఫర్డ్ బృందం చూపింది. అల్జీమర్ చూసిన కొవ్వు అలా నూట పదిహేడేళ్ల తర్వాత మళ్లీ చర్చకొచ్చింది.

ట్రెమ్2 కథ వింటే మైక్రోగ్లియా బలంగా ఉంటే చాలుననిపిస్తుంది. అది సగమే నిజం. 2016లో బోస్టన్‌లో బెత్ స్టీవెన్స్ బృందం, అల్జీమర్స్ నమూనాగా పెంచిన చిట్టెలుకల్లో ముద్దలు ఏర్పడకముందే సైనాప్స్‌లు మాయమవుతున్నాయని, మింగుతున్నది మైక్రోగ్లియానేనని చూపింది. బాల్యంలో మెదడును తీర్చిదిద్దడానికి వాడిన కత్తిరింపు పద్ధతినే, రక్తంలో క్రిములకు గుర్తులు వేసే కాంప్లిమెంట్ ప్రొటీన్ల సాయంతో, ముసలితనంలో వేళగాని వేళ మళ్లీ మొదలుపెట్టాయన్నమాట. జ్ఞాపకం ఉండేది ఆ సంధుల్లోనే. జబ్బు ముదిరాక ఇదే కణం ఏళ్ల తరబడి రెచ్చిపోయి ఉండి, వాపు పుట్టించే రసాయనాలను వదులుతుంది. అది వదిలిన ప్రొటీన్ ముక్కలే కొత్త అమైలాయిడ్ ముద్దలకు విత్తనాలవుతాయని చిట్టెలుకల్లో 2017లో తేలింది. తొలిదశలో ముద్దల చుట్టూ కంచె కట్టి నాడీకణాలను కాచేదీ ఇదే, మలిదశలో పొరుగును కాటేసేదీ ఇదే. ఒకే కణం రెండు పనులూ చేయగలదు. ఎప్పుడు ఏది చేస్తుందన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న వేసుకోకుండా మందు కొడితే ఏమవుతుందో గుంటూరు, ప్రకాశం పత్తి రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. 1980లలో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వచ్చిన కొత్తలో చేలు శుభ్రంగా కనిపించాయి. కానీ ఆ మందులు శత్రు పురుగుతోపాటు అక్షింతల పురుగులను, అల్లిక రెక్కల పురుగులను, సాలీళ్లను కూడా తుడిచిపెట్టాయి. తినేవాళ్లు లేక తెల్లదోమ విరగబడింది. పచ్చపురుగు మందుకు లొంగడం మానేసింది. 1987-88 నాటికి పంట పోయి, అప్పు మీదపడి, ఈ రెండు జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అల్జీమర్స్ వైద్యంలోనూ మొదటి ప్రయత్నం అలాంటిదే. కీళ్లవాతానికి ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు వాడినవారిలో అల్జీమర్స్ తక్కువగా ఉందని 1990లలో గమనించి, వాపును అణచేస్తే చాలనుకున్నారు. అమెరికాలో నాప్రోక్సెన్, సెలికాక్సిబ్ మాత్రలతో పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. గుండెకు ముప్పన్న భయంతో 2004లో మాత్రలు ఆపేశారు. ఆ తర్వాత లెక్కలు చూస్తే మతిమరుపును నివారించిన జాడ లేదు. రెచ్చిన కణంతోపాటు కాపలా కాసే కణాన్నీ అణచే మందుతో మేలు జరుగుతుందని ఆశించడానికి ఆధారం లేదు. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో దొరికే మాత్రలు మతికి కూడా పనికొస్తాయని ఎవరైనా అంటే నమ్మవద్దు. పాడయ్యేవి మూత్రపిండాలు.

రెండో ప్రయత్నం దీనికి ఎదురుదిక్కు నుంచి మొదలైంది, రక్షణ వ్యవస్థను అమైలాయిడ్ మీదికి ఉసిగొల్పడం. అమైలాయిడ్‌కు టీకా వేసిన పరీక్షను 2002లో అర్ధంతరంగా ఆపాల్సి వచ్చింది, ఎందుకంటే సుమారు 300 మందిలో 18 మందికి మెదడు వాచింది. ఆ టీకా పడినవారిలో కొందరి మెదళ్లను మరణానంతరం చూస్తే ముద్దలు చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి, అయినా వారి మతి చివరిదాకా క్షీణిస్తూనే వచ్చింది. తర్వాత వచ్చిన లెకనెమాబ్ ముందే తయారుచేసి ఇచ్చే యాంటీబాడీ. అది అమైలాయిడ్‌కు అతుక్కుంటే, దాని తోకను గుర్తుపట్టి మింగే పని మైక్రోగ్లియాది. 1,795 మందిపై జరిగిన పరీక్షలో పద్దెనిమిది నెలల్లో క్షీణత 27 శాతం నెమ్మదించింది. 2023 జులైలో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది. ఇది తొలిదశ రోగులకే. మొదట్లో రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించాలి, మెదడులో వాపు, రక్తస్రావం వస్తున్నాయేమోనని పదేపదే ఎంఆర్ఐ తీయాలి. నా అంచనాలో ఇది చిన్న విజయమే అయినా నిజమైన విజయం. పల్నాడు పల్లెలో ఉన్న రోగికి మాత్రం ఇప్పట్లో అందే దారి కాదు. అదే ఊపులో ట్రెమ్2ను నేరుగా ఉత్తేజపరిచే యాంటీబాడీని పరీక్షించారు. అది రోగులకు మేలు చేయలేదని 2024 నవంబరులో తేలింది. అణిచినా పనిచేయలేదు, ఉసిగొల్పినా అంతంతమాత్రమే. దీన్ని బట్టి మైక్రోగ్లియా సిద్ధాంతమే తప్పనేవారు ఉన్నారు. నాకు ఇందులో కనిపించేది వేళ తప్పడం. మతిమరుపు బయటపడడానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మెదడులో మార్పులు మొదలవుతాయి. రక్షణ వ్యవస్థను ఉసిగొల్పిన ఈ పరీక్షలన్నీ జబ్బు కనిపించాకే జరిగాయి.

అయితే ఆ పదిహేను, ఇరవై ఏళ్లలో ఈ కణాలను రెచ్చగొట్టేది ఏది? మెదడు శరీరానికి దూరంగా కోటలో కూర్చుని లేదు. 2009లో ఇంగ్లండ్‌లో 300 మంది అల్జీమర్స్ రోగులను ఆరు నెలలు గమనిస్తే, ఆ మధ్యలో జ్వరమో ఇన్‌ఫెక్షనో దెబ్బో తగిలినవారి మతి రెట్టింపు వేగంతో క్షీణించింది. ఒంట్లో పుట్టిన వాపు కబురు రక్తం ద్వారా మెదడుకు చేరి, అప్పటికే ఉలికులికిపడుతున్న మైక్రోగ్లియాను ఇంకా ఎగదోస్తుందని వివరణ. రెంటచింతల ఎండల్లో నీళ్లు తక్కువ తాగిన ముసలమ్మకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే, ఒక్కసారిగా మనుషులను గుర్తుపట్టకపోవడం, రాత్రిళ్లు కలవరించడం చాలా ఇళ్లు చూసినదే. చాదస్తం ముదిరిందని మంచానికి వదిలేయకుండా మూత్రపరీక్ష చేయించాల్సిన సందర్భం అది. వేల్స్‌లో సర్పి, అదే షింగిల్స్, టీకాను 1933 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవారికే ఇచ్చారు. ఆ గీతకు అటూ ఇటూ పుట్టినవారిని పోల్చితే, టీకా వేయించుకున్నవారిలో ఏడేళ్లలో మతిమరుపు జబ్బు దాదాపు ఐదో వంతు తగ్గిందని 2025లో ప్రచురించారు. నరాల్లో దాగిన వైరస్‌ను అణచడం వల్లనా, రక్షణ వ్యవస్థ మొత్తం సర్దుకోవడం వల్లనా అన్నది ఇంకా తేలాలి; ఏదైనా దారి రక్షణ వ్యవస్థ మీదుగానే ఉంది. లాన్సెట్ కమిషన్ 2024లో మార్చుకోదగిన పద్నాలుగు ముప్పులను గుర్తించి, అవన్నీ తొలగితే ప్రపంచంలో 45 శాతం మతిమరుపు జబ్బులను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని లెక్కవేసింది. షుగరు, బీపీ, పొగ, గాలి కాలుష్యం, వినికిడి లోపం అందులో ఉన్నాయి. అన్నీ మైక్రోగ్లియా ద్వారానే హాని చేస్తాయనడం అతి అవుతుంది. వినికిడి లోపం దారి వేరే కావచ్చు. కానీ షుగరు, పొగ ఒంట్లో తగ్గని వాపును నిలిపి ఉంచుతాయి. చుట్టలు, బీడీలు, పత్తికట్టె మంటపై ఏళ్ల తరబడి వండిన పొయ్యిలు మన మైదానాలకు కొత్తవి కావు.

ఇక పురుగుమందులు. అమెరికాలోని యూటాలో 3,000 మందికి పైగా వృద్ధులను గమనించిన అధ్యయనంలో, పనిలో భాగంగా ఆర్గానోఫాస్ఫేట్ మందులు తగిలినవారికి అల్జీమర్స్ ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు ఉందని 2010లో ప్రచురించారు. 2014లో మరో బృందం అల్జీమర్స్ రోగుల రక్తంలో డీడీటీ అవశేషం ఇతరులకన్నా సగటున 3.8 రెట్లు ఎక్కువని చూపింది. మన దేశంలో పంటలపై డీడీటీని 1989లో నిషేధించారు. అది ఒంటి కొవ్వులో దశాబ్దాలు నిలుస్తుంది. క్లోర్‌పైరిఫాస్ వంటి మందులు జంతువుల మెదడులో మైక్రోగ్లియాను రెచ్చగొడతాయని ప్రయోగాల్లో చూశారు. దీనికి ఎదురు ప్రశ్న మొదట చెప్పిన చుట్టరికంలోంచే వస్తుంది. డోనెపెజిల్ మేలు చేస్తుంటే, అదే ఎంజైమ్‌ను అడ్డుకునే మందు కీడెందుకు చేస్తుంది? మాత్ర పట్టు కాసేపటికి వదిలే పట్టు, మోతాదు డాక్టరు చేతిలో ఉంటుంది. చేలో మందు పట్టు చాలావరకు వదలనిది; మోతాదు గాలివాటాన్ని బట్టి, తడిసిన చొక్కాను బట్టి ఉంటుంది. పైగా అది ఆ ఒక్క ఎంజైమ్‌తో ఆగదు, ఇతర ప్రొటీన్లకూ అంటుకుంటుంది, కణాల్లో శక్తి తయారీని దెబ్బతీస్తుంది. మరో అభ్యంతరం ఇంకా బలమైనది. పేదరికం, చదువు లేకపోవడం, బీపీ కూడా ఆ కూలీలకే ఎక్కువ, మందునొక్కదాన్నే ఎలా తప్పుపడతాం? నిజమే. అది తేల్చాలంటే ఇక్కడే కొలవాలి. యూటా రైతు ట్రాక్టరు మీద కూర్చుని కొట్టిన మందును బట్టి, పంపు భుజాన వేసుకుని మిర్చి సాళ్లలో నడిచినవాడి సంగతి చెప్పలేం.

తిండి సంగతి క్లుప్తంగా. మన దుగ్గిరాల పసుపు వాపును తగ్గిస్తుంది కాబట్టి అల్జీమర్స్ రాదన్న మాట ఇరవై ఏళ్లుగా ప్రచారంలో ఉంది. దానికి ఊతమిచ్చింది 2001లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో జరిగిన అధ్యయనం. అక్కడ అల్జీమర్స్ పెన్సిల్వేనియాలో కన్నా చాలా తక్కువగా కనిపించింది. కానీ కర్‌క్యుమిన్‌ను అల్జీమర్స్ రోగులకు ఇచ్చి చూస్తే ఫలితం రాలేదు. నోటి ద్వారా తీసుకున్నది రక్తంలోకి చేరేదే చాలా తక్కువ. కారం విషయంలో ఆధారాలు రెండు వైపులా లాగుతున్నాయి. పసుపు, కారం వంటకు సరిపడా వాడుకోవచ్చు, మందనుకుని మింగనక్కర్లేదు.

పల్లెల్లో ఈ జబ్బు ఉండదన్న నమ్మకానికీ ఇప్పుడు ఆధారం లేదు. 2023లో వెలువడిన జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం, అంటే 88 లక్షల మంది, మతిమరుపు జబ్బుతో ఉన్నారు. పట్నాలకన్నా పల్లెల్లో, మగవారికన్నా ఆడవారిలో ఎక్కువ. అందులో అల్జీమర్స్ ఒక్కటే లేదు, రక్తనాళాల జబ్బు వల్ల వచ్చేవీ ఉన్నాయి. అయినా పాశ్చాత్య పట్టణాల్లో చదువుకున్నవారిపై తయారైన జ్ఞానం మనకు యథాతథంగా సరిపోదని తెలుగు నేలపై ఒకసారి రుజువైంది కూడా. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరీక్షించి, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారికి ఈ జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వస్తోందని 2013లో ప్రకటించింది. బడికి వెళ్లని వారిలో కూడా ఆ తేడా నిలిచింది. చదువు ప్రభావం నుంచి భాష ప్రభావాన్ని విడదీయడం మన దగ్గర సాధ్యమైంది కాబట్టే ఆ అధ్యయనం ప్రపంచమంతా చదివింది.

ఇప్పుడు కావలసింది అలాంటిదే, ఇంకా ఓపికైనది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం వినిపించే కోలారు జిల్లా శ్రీనివాసపురంలో, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోని మెదడు పరిశోధన కేంద్రం 2018 నుంచి నలభై ఐదు దాటిన పల్లెవాసులను గమనిస్తోంది. పదివేల మందిని చేర్చుకుని ఏళ్ల తరబడి వెంట ఉండాలన్నది లక్ష్యం. ఆ కేంద్రాన్ని నిలబెట్టిన విజయలక్ష్మి రవీంద్రనాథ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్నవారు. అదే పద్ధతి చిలకలూరిపేట, పర్చూరు, దర్శి మండలాల్లో మొదలుపెడితే, శ్రీనివాసపురం చెప్పలేనిది ఒకటి తెలుస్తుంది, దశాబ్దాల స్ప్రే మెదడు రక్షణ కణాలను ఏం చేసిందన్నది. ఇదివరకు దీనికి ఖరీదైన స్కాన్లు కావాల్సి వచ్చేది. రక్తంలో అల్జీమర్స్ గుర్తులను కొలిచే పరీక్షకు 2025 మేలో అమెరికా అనుమతి ఇచ్చింది, గ్లియా కణాల అలజడిని చూపే ప్రొటీన్లనూ పరిశోధనల్లో రక్తంలోనే కొలుస్తున్నారు. ఏ దశాబ్దంలో ఈ చేలలో ఏ మందు ఎక్కువగా వాడారో గుంటూరు దగ్గరి లాంలోని వ్యవసాయ శాస్త్రవేత్తలకు తెలుసు. 1946 నుంచి నడుస్తున్న గుంటూరు వైద్య కళాశాలకు రోగులు ఈ ఊళ్ల నుంచే వస్తారు. ఈ రెండు చోట్ల ఉన్నవారు కలిసి పనిచేయడానికి వ్యవధి మాత్రం ఎక్కువ లేదు. తెల్లదోమ మీద వారానికోసారి మందు కొట్టిన 1985లో ఇరవై ఏళ్ల వయసున్న కూలీ ఇప్పుడు అరవై దాటాడు. మెదడులో మార్పులు మొదలై, మతి ఇంకా చెదరని వయసు అది.